అందిన తేదీల వరుసలో ఆడమ్స్ ఉత్తరాలు: నా అనుభవం

తపాలా శాఖలో ఉద్యోగ జీవితమంతా గడిపినవాడి చేతికి ఉత్తరం వస్తే చూపు ముందు ముద్ర మీదకే పోతుంది. ఎక్కడ పోస్టయింది, ఏ రోజు పోస్టయింది, బట్వాడా ఆఫీసుకు ఎప్పుడు చేరింది? లోపల ఏముందో మాకు అనవసరం. రిటైరయ్యాక అమెరికాలో మా అమ్మాయి దగ్గర ఉంటూ, రెండున్నర శతాబ్దాల నాటి ఉత్తరాలు చదవడానికి కూర్చున్నప్పుడు కూడా ఈ బుద్ధి నన్ను వదల్లేదు. వదలకపోవడమే మేలైంది.

అమ్మాయి కాపురం బోస్టన్‌కు దక్షిణాన క్విన్సీలో. ఇక్కడివాళ్లు క్విన్జీ అంటారు. అమెరికా రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ పుట్టిన ఇల్లు, ఆరో అధ్యక్షుడైన ఆయన కొడుకు జాన్ క్విన్సీ ఆడమ్స్ పుట్టిన ఇల్లు ఈ ఊళ్లో పక్కపక్కనే ఉన్నాయి. ఆ రోజుల్లో ఇదంతా బ్రెయిన్‌ట్రీ ఊరి కింద ఉండేది, 1792లో విడిపోయింది. ఆ ఇళ్లు చూసి వచ్చాక, జాన్, ఆయన భార్య అబిగైల్ ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు పదకొండు వందలకు పైగా మిగిలాయనీ, అవి బోస్టన్‌లోని మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీ దగ్గర ఉన్నాయనీ, కాగితాల బొమ్మలతో సహా ఎవరైనా ఉచితంగా చూడవచ్చనీ అల్లుడు చెప్పాడు. 1762 నుంచి 1801 వరకు, దాదాపు నలభై ఏళ్లు. అందులో ఆయన ఇంటి దగ్గర లేని కాలమంతా ఉత్తరాలుగా ఉండిపోయింది.

సొసైటీవారు ఒక పక్క కాగితం బొమ్మ, మరో పక్క అచ్చు అక్షరాల పాఠం ఇస్తారు. నేను అచ్చు పాఠాన్ని మూసేసి, బొమ్మను పెద్దది చేసుకుని, చదవగలిగినంత నోటు పుస్తకంలో రాసుకుని, ఆ తరవాత సరిచూసుకునేవాణ్ని. పని నత్తనడకన సాగేది. హైస్కూల్లో చదివే మనవరాలు పక్కన కూర్చుని చూసి, "తాతయ్యా, ఇది నిజంగా ఇంగ్లిషేనా?" అంది. కలిపిరాత ఇక్కడి పిల్లల్లో చాలామందికి చదవడం రాదు. నాకు మాత్రం ఎవరెవరి చేతిరాతతోనో రాసిన చిరునామాలు చదివి చదివి కళ్లు అలవాటు పడ్డాయి. అయినా మొదట్లో తికమక తప్పలేదు. మాట మధ్యలో వచ్చే ఎస్ అక్షరాన్ని ఎఫ్ లాగా పొడుగ్గా లాగుతారు. సగం మాట రాసి, చివరి అక్షరాన్ని చిన్నదిగా పైకెత్తి వదిలేస్తారు. ఏ మాటకు పెద్దక్షరం పెట్టాలో ఎవరి ఇష్టం వారిది. అబిగైల్‌కు పూర్తి విరామం అంటే పెద్దగా పట్టదు, అడ్డగీత వేసి ముందుకు వెళ్లిపోతుంది. ఆమె బడికి వెళ్లి చదువుకోలేదు. తండ్రి పాస్టరు, ఇంట్లో పుస్తకాలకు కొదవ లేదు, అక్కడే నేర్చుకుంది. వర్ణక్రమం ఆమె చెవికి ఎలా వినిపిస్తే అలా ఉంటుంది. పైకి చదువుకుంటే ఇట్టే అర్థమవుతుంది. నేను అలాగే చదివేవాణ్ని, ఇంట్లోవాళ్లు నవ్వుకున్నా సరే.

ఆ కాలపు ఉత్తరానికి కవరు ఉండదు. పెద్ద కాగితాన్ని మడిచి, బయటి మడత మీద చిరునామా రాసి, లక్కతోనో పిండి బిళ్లతోనో అంటిస్తారు. విప్పేటప్పుడు అంటించిన చోట కాగితం చిరిగి వస్తుంది, దాంతోపాటు ఒకటి రెండు మాటలు పోతాయి. స్టాంపులు లేవు. అమెరికా ప్రభుత్వం స్టాంపులు తెచ్చింది 1847లో, మన దేశమంతటికీ వచ్చింది 1854లో. అంతకుముందు తపాలా రుసుము సాధారణంగా అందుకున్నవాడే కట్టేవాడు. మా భాషలో అన్నీ బేరింగు ఉత్తరాలే. 1775లో అమెరికా వలసల ప్రతినిధుల సభ అయిన కాంగ్రెసు సభ్యులకు మాత్రం రుసుము లేకుండా పంపే హక్కు ఇచ్చారు. వాళ్లు బయటి మడత మీద సంతకం చేసి 'ఫ్రీ' అని రాస్తే చాలు. ఆ కాంగ్రెసు మొదటి పోస్టుమాస్టర్ జనరల్ బెంజమిన్ ఫ్రాంక్లిన్. అంతకు ముందు ఏడాదే బ్రిటిష్ వారు ఆయన్ను అదే రకం ఉద్యోగం నుంచి తీసేశారు. ఆయన తన పేరు మధ్యలో 'ఫ్రీ' అని ఇరికించి 'బి. ఫ్రీ ఫ్రాంక్లిన్' అని సంతకం పెట్టేవాడు. విడిపోతున్న దేశంలో అది తపాలా గుర్తే కాదు, ఎకసెక్కం కూడా. శాఖాపరమైన క్రమశిక్షణ కింద ఇది తప్పు. కానీ పై అధికారి ఆయనే అయినప్పుడు మెమో ఇచ్చేదెవరు?

చదవడం కాస్త గాడిన పడ్డాక రిజిస్టరు మొదలుపెట్టాను. రాసిన తేదీ, ఎవరి చేత పంపారు, అందిన తేదీ, జవాబు తేదీ. అచ్చు పుస్తకాల్లో, కంప్యూటర్ జాబితాల్లో ఉత్తరాలన్నీ రాసిన తేదీ వరుసలో ఉంటాయి. పండితులకు అదే అనుకూలం. కానీ మనిషి ఉత్తరాన్ని రాసిన రోజున చదవడు, అందిన రోజున చదువుతాడు. ఆ రోజుకు అతనికి ఏమేం తెలుసు, ఇంకా ఏమేం తెలియదు అన్నదే అసలు సంగతి. అందిన తేదీ పట్టుకోవడం కష్టమేమీ కాదు. నిన్నటి టపాలో మీ ఫలానా తేదీల ఉత్తరాలు రెండు వచ్చాయి అంటూ చాలా జవాబులు మొదలవుతాయి. కొన్నింటి వీపున అందుకున్నవారే జవాబిచ్చిన తేదీ రాసుకునేవారు. మా నాన్నగారి కాలంలో వచ్చిన ఉత్తరాన్ని ఇనుప తీగకు గుచ్చే ముందు అంచున తేదీ వేసినట్టే.

మొదటి గడులు నింపుతుండగానే ఒక వింత ఎదురైంది. 1764 వసంతంలో, పెళ్లికి ఆరు నెలల ముందు, జాన్ మశూచి టీకా వేయించుకోవడానికి బోస్టన్ వెళ్లాడు. అప్పటి టీకా అంటే మశూచినే కొద్దిగా అంటించుకుని కొన్ని వారాలు విడిగా ఉండటం. అక్కణ్నుంచి ఆయన రాసిన కాగితాలు అబిగైల్ చేతికి నేరుగా రావు. ఇంటి పనివాడు టామ్ వాటికి ముందు పొగ పట్టేవాడు, రోగం అంటకుండా. ఆ పొగ పట్టేంతసేపు తాను టామ్ చుట్టూ ఎలా తిరుగుతుందో ఆమె రాసింది. గూడు దోచుకున్నప్పుడు తల్లి పక్షి దగ్గరికి రాలేక, వదిలి పోలేక చుట్టూ ఎగురుతుంది చూశారా, నేనూ అంతేనట అంటుంది. పంతొమ్మిదేళ్ల పిల్ల. బట్వాడా అయ్యాక కూడా చేతికి రాని ఉత్తరం నా సర్వీసులో నేను చూడలేదు. అందిన తేదీ గడిలో 'పొగ తరవాత' అని రాసుకున్నాను.

ఆ తరవాత అసలు కథ. 1774 నుంచి జాన్ ఫిలడెల్ఫియాలో కాంగ్రెసులో ఉన్నాడు, ఆమె నలుగురు పిల్లలతో బ్రెయిన్‌ట్రీలో పొలం, అప్పులు, పనివాళ్లు చూసుకుంటోంది. మధ్య దూరం నాలుగు వందల మైళ్లని ఆయన లెక్క. ఉత్తరానికి పది రోజుల నుంచి రెండు వారాలు. నమ్మకమైన మనిషి ఎవరైనా అటు వెళ్తుంటే టపా కన్నా అతని చేతికే ఇస్తారు. అందుకే 'ఎవరి చేత' అన్న గడి అవసరమైంది.

1775 జూన్ మధ్యలో, బోస్టన్ దగ్గర బ్రిటిష్ సైన్యంతో జరిగిన బంకర్‌హిల్ యుద్ధానికి కాస్త ముందు, ఆమె రాసిన ఉత్తరం నాకు బాగా నచ్చింది. సముద్ర తీరం మీద ఎప్పుడు దాడి జరుగుతుందో తెలియదని భయం చెప్పుకుంటూనే గుండుసూదులు కావాలని అడుగుతుంది. ఒక కట్టలో ఆరు వేలుంటాయి, ఒకప్పుడు ఒక్క డాలరుకు కొన్నాను, ఇప్పుడు ఏడున్నర షిల్లింగులవి ఇరవై పెట్టినా దొరకడం లేదు, మీ వెంట ఉన్న మిస్టర్ బాస్‌ను బజారుకు పంపి కొనిపించి మీ పెట్టెలో వేసుకు రండి అంటుంది. ఇంగ్లండు సరుకు ఆగిపోతే ఇంట్లో ఏం జరుగుతుందో ఇంత సూటిగా నేను మరెక్కడా చదవలేదు. కొద్ది రోజులకే, జూన్ 18న, మరో ఉత్తరం. ఆమె ఏడేళ్ల కొడుకును వెంటబెట్టుకుని పెన్స్ హిల్ ఎక్కి చార్ల్స్‌టౌన్ తగలబడటం చూసింది. వాళ్ల ఆప్తుడు డాక్టర్ జోసెఫ్ వారెన్ ఆ యుద్ధంలో చనిపోయాడు. పగిలిపోతున్న గుండెకు కలమే దారి అంటూ మొదలుపెడుతుంది. ఫిరంగుల మోతకు తిండీ నిద్రా లేవని ముగిస్తుంది. రాజకీయం కోసం ఒకటి, సంసారం కోసం ఒకటి అని ఆమె విడివిడిగా రాయలేదు. ఏరికూర్చిన ఉల్లేఖనలు చదివేవారికి సూదుల సంగతి తెలిసే అవకాశం తక్కువ.

అదే ఏడాది జూలై 24 నాటి రెండు ఉత్తరాలకు నా రిజిస్టరులో ఎర్రసిరా వాడాను. ఒకటి అబిగైల్‌కు, ఒకటి జేమ్స్ వారెన్ అనే మిత్రుడికి. బెంజమిన్ హిచ్‌బార్న్ అనే యువ లాయరు తీసుకెళ్తానంటే ఇచ్చి పంపాడు జాన్. నరగాన్సెట్ అఖాతం దాటుతుండగా బ్రిటిష్ నౌకాదళం అతన్ని పట్టుకుంది. ఆగస్టు 17న ఆ ఉత్తరాలు బోస్టన్‌లో ప్రభుత్వ పక్షపు పత్రికలో అచ్చయ్యాయి. భార్యకు రాసిన దాంట్లో తోటి సభ్యుల చాపల్యాన్ని, డాబును, చిరాకును ఏకరువు పెట్టి వాక్యం మధ్యలోనే ఆపేశాడు. మిత్రుడికి రాసిన దాంట్లో, ఆస్తి కొండంత, తెలివి గోరంత ఉన్న ఒక పెద్దమనిషి మా పనంతటినీ వెర్రిగా తయారుచేశాడని విసుక్కున్నాడు. పేరు రాయలేదు. రాయనక్కర్లేదు, రాజుకు ఇంకా వినతిపత్రాలు పంపుదామంటున్న జాన్ డికిన్సన్ అని అందరికీ తెలిసింది. సెప్టెంబరు 16న జాన్ డైరీలో ఆ ఫలితం ఉంది. చెస్ట్‌నట్ వీధిలో ఇద్దరూ ఎదురుపడ్డారు, మోచేతులు రాసుకునేంత దగ్గరగా. జాన్ టోపీ తీసి వంగాడు. డికిన్సన్ టోపీ కదలలేదు, తల కదలలేదు, చెయ్యి కదలలేదు. తన దారిన తాను పోయాడు.

ఒక ఉత్తరం దారితప్పితే ఏమవుతుందో మా శాఖలో ఎవరికైనా చెప్పగలను. ఫిర్యాదు వస్తుంది, విచారణ జరుగుతుంది, సంచి వెతుకుతారు. శత్రువు చేతిలో బట్వాడా అయితే మాత్రం ఏ నిబంధనా వర్తించదు. ఆ దెబ్బతో కూడా ఆయన రాయడం మానలేదు. 1776 జూన్ 2న ఒక పెద్ద పుస్తకం కొని, ఇరవై ఏళ్లుగా ఒక్క ఉత్తరానికీ నకలు ఉంచుకోలేదని వాపోయి, ఇకనుంచి అన్నీ ఇందులోనే రాస్తానని ఆ పుస్తకం మొదటి పుటలోనే భార్యకు రాశాడు. నువ్వూ అలా చెయ్యి అన్నాడు. అప్పటికి నెల ముందు ఆమె తన ఉత్తరాలు తగలబెట్టెయ్యమంటే, ముందు నిన్ను మరిచిపోవాలి అన్నది ఈయనే.

ఇక అందరూ చెప్పుకునే ఉత్తరం. 1776 మార్చి 31. బ్రిటిష్ సైన్యం బోస్టన్ ఖాళీ చేసి రెండు వారాలైంది. మీరు కొత్త చట్టాలు రాసేటప్పుడు ఆడవాళ్లను గుర్తుంచుకోండి, మీ పూర్వీకుల కంటే కాస్త ఉదారంగా ఉండండి అన్న వాక్యం ఇందులోది. కాగితం మీద చూస్తే అది చివరివైపు వస్తుంది. దానికి ముందు వర్జీనియా తనను తాను కాపాడుకోగలదా అన్న ప్రశ్న, తోటి మనుషుల స్వేచ్ఛను లాక్కోవడానికి అలవాటు పడినవాళ్లకు స్వేచ్ఛ మీద అంత మోజు ఉంటుందా అన్న అనుమానం, బోస్టన్‌లో తమ ఇల్లు సైనికుల చేతిలో ఎంత మురికిగా తయారైందన్న విచారం, అన్నీ ఉన్నాయి. ఏప్రిల్ 14న జాన్ జవాబు రాశాడు. నీ అసాధారణ చట్టాల చిట్టాకు నవ్వక ఏం చెయ్యను అన్నాడు.

వరుసగా చదివేవారు దీని వెంటనే మే 7 నాటి ఆమె జవాబుకు వెళ్తారు. మీరు ఆడవాళ్ల పట్ల ఉదారులని అనలేను, లోకమంతటికీ విముక్తి చాటుతూ భార్యల మీద మాత్రం సంపూర్ణాధికారం అట్టేపెట్టుకున్నారు అని ఆమె అన్నది అప్పుడే. నా రిజిస్టరులో ఈ రెంటి మధ్య ఇంకో పేరు పడింది. ఏప్రిల్ 27న ఆమె మెర్సీ ఓటిస్ వారెన్‌కు రాసింది. జేమ్స్ వారెన్ భార్య, స్వయంగా రచయిత్రి. ఆడవాళ్ల కష్టాల జాబితా పంపితే మా ఆయన నన్ను ఎగతాళి చేశాడు, మనిద్దరం కలిసి కాంగ్రెసుకే అర్జీ పెట్టుకుందామా అన్న ధోరణిలో సాగుతుంది ఆ ఉత్తరం. అంటే, ఆయన నవ్వు ఇంటికి చేరాక ఆమె మొదట ఆయనకు బదులివ్వలేదు, స్నేహితురాలికి చెప్పుకుంది. భర్తకు పంపిన జవాబు ఆ తరవాత నిదానంగా వచ్చింది. ఆ నిదానం వాక్యాల్లో కనిపిస్తుంది. దీన్ని భార్యాభర్తల సరసంగా కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. సరసానికి సాక్షిని ఎవరూ వెతుక్కోరు.

జూలై 3 నాటి ఉత్తరం గురించి ఒక్క మాట. జూలై 2వ తేదీ అమెరికా చరిత్రలో చిరస్మరణీయమవుతుంది, ఊరేగింపులతో, తుపాకులతో, గంటలతో, భోగిమంటలతో జరుపుకుంటారు అని జాన్ రాశాడు. కాంగ్రెసు స్వాతంత్ర్యానికి ఓటు వేసింది ఆ రోజే. ఇది అందేనాటికి అబిగైల్ పిల్లలకు మశూచి టీకా వేయించడానికి బోస్టన్‌లో ఉంది. 3, 4 తేదీల ఉత్తరాలు నిన్నటి టపాలో వచ్చాయని 14న రాసింది. అప్పటికే స్వాతంత్ర్య ప్రకటన అచ్చు ప్రతి కూడా చూసినట్టుంది, అందులో మంచి మాటలు కొన్ని కొట్టేశారని నొచ్చుకుంది. ఆ అచ్చు ప్రతి మీద ఉన్న తేదీ జూలై 4. పండగ తేదీ విషయంలో ఆయన జోస్యం ఉత్తరం చేరేలోపే చెడిపోయింది, మిగతాదంతా అక్షరాలా జరిగింది, ఇప్పటికీ జరుగుతోంది. మా వీధిలో ఆ రాత్రి బాణసంచా మోతకు నిద్ర ఉండదు.

ఈ రిజిస్టరు వల్ల నేను నిజంగా ఆగిపోయిన చోటు 1777 జూలై. అబిగైల్‌కు నెలలు నిండాయి. 9వ తేదీన, రాత్రి వణుకు వచ్చిందనీ, కడుపులో ప్రాణం పోయిందేమోనని భయంగా ఉందనీ రాసింది. 10న మళ్లీ రాసింది. నొప్పులు మొదలై రెండు రోజులైంది. వైద్యుడు భయం లేదంటున్నాడు. ఆ మధ్యలో ఈ వాక్యం: ఈ క్షణం కలం కింద పెట్టాలి, తప్పించుకోలేనిదాన్ని భరించాలి. ఒక అడ్డగీత. ఇప్పుడు భరించాను, మళ్లీ కలం పట్టాను. అచ్చులో ఆ అడ్డగీత అంగుళంలో ఎనిమిదో వంతు ఉంటుంది. ఆ గీతకు ఇవతల నుంచి అవతలికి ఎంతసేపు పట్టిందో ఏ పాఠమూ చెప్పదు. వెంటనే ఆమె తన బాధ పక్కన పెట్టి, ఆయన పంపిన ఉత్తరాలకు కృతజ్ఞతలు చెప్పడం మొదలుపెడుతుంది. 11న ఆడపిల్ల పుట్టింది, ప్రాణం లేకుండా. ఎలిజబెత్ అని పేరు పెట్టారు. 16న ఆ సంగతి రాసింది.

రాసిన తేదీల వరుసలో ఇది వారం రోజుల కథ. భయం, నొప్పి, మరణం, శాంతం, ఒకటి తరవాత ఒకటి. ఫిలడెల్ఫియాలో జాన్ దాన్ని అలా చదవలేదు. 28న ఆయన రాసినదాన్ని బట్టి 9, 10, 11, 16 తేదీల ఉత్తరాలన్నీ అదే రోజు ఆయన చేతికొచ్చాయి. జీవితంలో ఎన్నడూ గుండె ఇంతగా కదిలిపోలేదు అన్నాడు. నాలుగూ ఒక్క బట్వాడాలో. ఏది ముందు విప్పాడో తెలియదు. నాలుగు వరుసల్లోనూ అందిన తేదీ గడిలో 28 అనే వేసి, ఆ పూటకు పుస్తకం మూసేశాను. మేం సంచులు విప్పి, కట్టలు కట్టి, బీట్ల వారీగా పంచేటప్పుడు ఒకే చిరునామాకు నాలుగు ఉన్నాయంటే సంతోషించేవాళ్లం, పోస్టుమ్యాన్‌కు నడక తగ్గిందని.

అంతకు నెల ముందు ఉత్తరం ఒకటి ఈ బరువు దించుతుంది. కొడుకు జాన్ క్విన్సీ, తొమ్మిదేళ్లవాడు, జూన్ 2న తండ్రికి రాశాడు. ఉత్తరాలు అందుకోవడం నాకు చాలా ఇష్టం, రాయడం కన్నా అందుకోవడమే చాలా ఎక్కువ ఇష్టం, నా తల నిలకడ లేనిది అంటూ మొదలుపెట్టి, చివర తెల్లకాగితాల పుస్తకం ఒకటి పంపిస్తే చదివిన వాటిలో మంచివి ఎత్తి రాసుకుంటానని కోరాడు. తరవాత ఆ తల ఎంత నిలకడగా తయారైందంటే, అరవై ఏళ్లకు మించి డైరీ రాశాడు.

జాన్ ఐరోపాకు వెళ్లాక నా గడులు ఖాళీలతో నిండిపోయాయి. నెలలు పట్టేది. ఓడలు పట్టుబడితే కెప్టెన్లు ఉత్తరాల సంచిని సముద్రంలో పడేసేవారు. పొట్టి ఉత్తరాలు రాస్తున్నారని ఆమె నిష్ఠూరం, శత్రువు చేతిలో పడి మళ్లీ పత్రికకెక్కుతాయని ఆయన భయం. ఆ నిష్ఠూరానికి ఆయన చిరాకు, ఆ చిరాకుకు ఆమె నొచ్చుకోవడం, ఇవన్నీ ఒకదాన్నొకటి సముద్రం మధ్యలో దాటుకుంటూ వెళ్లాయి. కాంగ్రెసులో జేమ్స్ లవెల్ అనే ఆయన గుప్తలిపి ఒకటి తయారు చేసి ఇచ్చాడు కానీ జాన్‌కు అది కొరుకుడు పడలేదు. నాకూ పడలేదు.

ఇక్కడికి వచ్చేసరికి మిగతావారి ఉత్తరాల వైపు మళ్లాను. అమెరికా జాతీయ అభిలేఖాగారం 2013 నుంచి ఆ తరం నాయకుల ఉత్తరాలను ఒకేచోట ఉచితంగా ఉంచింది, లక్షా ఎనభై వేల పత్రాలకు పైగా. అక్కడ ముందుగా కనిపించేవి శూన్యాలు. జార్జి వాషింగ్టన్ చనిపోయాక భార్య మార్తా తమ ఇద్దరి ఉత్తరాలూ తగలబెట్టింది. తప్పించుకున్నవి వేళ్ల మీద లెక్క, సైన్యాధిపత్యం ఒప్పుకున్నానని చెబుతూ ఆయన 1775 జూన్ 18న రాసినది వాటిలో ఒకటి. అబిగైల్ యుద్ధం గురించి రాసిన రోజే. మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్, ఆయన భార్య రాసుకున్నవి ఒక్కటీ మిగల్లేదు. అంత కాగితం దాచిన మనిషి అవి మాత్రం దాచలేదు.

జెఫర్సన్ దగ్గర నాకు నా జాతివాడు దొరికినంత సంబరమైంది. ఆయన 1783 నుంచి 1826లో చనిపోబోయే దాకా ఒక చిట్టా రాశాడు. ఒక వైపు పంపిన ఉత్తరాలు, మరో వైపు వచ్చినవి, రాసిన తేదీ, అందిన తేదీ. ఆరు వందల యాభై పుటలకు పైగా. నేను కిందా మీదా పడి తయారుచేసుకుంటున్నదాన్ని ఆయన ఏనాడో చేసిపెట్టాడు. నకళ్ల కోసం మొదట నొక్కుడు యంత్రం వాడాడు. 1804 నుంచి రెండు కలాలున్న యంత్రం, ఒక కలంతో రాస్తుంటే రెండోది పక్క కాగితం మీద అదే గీస్తుంది. ఇంత ఏర్పాటూ చివరకు మెడకు చుట్టుకుంది. 1820లో వచ్చినవి లెక్కపెడితే 1,267 తేలాయని 1822లో జాన్ ఆడమ్స్‌కు చెప్పుకుని, ఇదీ ఒక బతుకేనా, గానుగ చుట్టూ తిరిగే గుర్రం బతుకు, దీనికంటే క్యాబేజీ బతుకు స్వర్గం అన్నాడు.

ఈ ఇద్దరూ 1801 తరవాత పలకరించుకోవడం మానేశారు. 1800 ఎన్నికల్లో మిత్రుడే మిత్రుణ్ని ఓడించాడు. 1804లో జెఫర్సన్ చిన్న కూతురు పాలీ చనిపోతే, చిన్నప్పుడు లండన్‌లో ఆ పిల్లను కొద్ది రోజులు సాకిన అబిగైల్ మే 20న సంతాపం రాసింది. ఒకప్పుడు మీ స్నేహితురాలినని సంతకం పెట్టడంలో ఆనందించినదాన్ని అని ముగించింది. జెఫర్సన్ జవాబిస్తూ, జాన్ పదవి దిగిపోయే ముందు చేసిన నియామకాలు ఒక్కటే తనకు కష్టమనిపించాయని కెలికాడు. అక్కణ్నుంచి అక్టోబరు దాకా, ఏడు ఉత్తరాల మాటల యుద్ధం. ఆమె ఒక్క అంగుళం తగ్గలేదు. ఆమె దగ్గరున్న నకలు అడుగున నవంబరు 19న జాన్ రాసిన నాలుగు ముక్కలు ఉన్నాయి. ఇదంతా నాకు తెలియకుండా, అనుమానమైనా లేకుండా సాగింది, ఆమె కోరిక మీద నిన్న రాత్రి, ఈ ఉదయం చదివాను, ఇప్పుడు ఇక్కడ నేను చెప్పేదేమీ లేదు. దేశాధ్యక్షుడి దగ్గర నుంచి ఆ ఇంటికి మూడు ఉత్తరాలు బట్వాడా అయ్యాయి, ఇంటి యజమానికి తెలియదు! క్విన్సీలో టపా ఎవరు అందుకునేవారో ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

డాక్టర్ బెంజమిన్ రష్ ఓపికగా రాయబారం నడిపాక 1812 జనవరి 1న జాన్ మొదటి ఉత్తరం రాశాడు. చేనేత మీద మీకు మక్కువ కదా, ఇంట్లో తయారైన రెండు తానులు పంపుతున్నాను అన్నాడు. అవి కొడుకు జాన్ క్విన్సీ హార్వర్డ్‌లో చేసిన ఉపన్యాసాల రెండు సంపుటాలు. ఉత్తరం ముందు చేరింది, పార్సిలు వెనకబడింది. జెఫర్సన్ జనవరి 21న నిజం బట్టల గురించి, వర్జీనియాలో ఇంటింటా సాగే నూలు, నేత గురించి గంభీరంగా రాసి పంపాడు. పార్సిలు విప్పాక 23న మరో ఉత్తరం, నాకు కాస్త చురుకు ఉండి ఉంటే ఆ సుదీర్ఘ వ్యాసం చదివే శ్రమ మీకు తప్పేది అంటూ. పదకొండేళ్ల మౌనం తరవాత వచ్చిన మొదటి జవాబు మొదలైంది నూలు వడుకుతో. ఇది చదివి పైకే నవ్వాను. ఉత్తరం ఒక సంచిలో, పార్సిలు మరో సంచిలో వెళ్తే ఏం జరుగుతుందో మాకు చెప్పాలా!

ఆ తరవాత పద్నాలుగేళ్లలో 158 ఉత్తరాలు, వాటిలో 109 ఆడమ్స్‌వే. ఒకరినొకరు వివరించుకోకుండా మనం చనిపోకూడదు అని 1813లో ఆయన అన్నాడు, అన్నంత పనీ చేశాడు. చేతులు వణికి, చూపు తగ్గి, ఇంట్లోవాళ్ల చేత రాయించాడు. 1826 జూలై 4న ఇద్దరూ ఒకే రోజు పోయారన్నది అందరూ చెప్పేదే.

ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే నా సలహా: ప్రసిద్ధమైన ఉత్తరాల జోలికి ముందు వెళ్లొద్దు. ఏదో ఒక నెల తీసుకుని, ఇరువైపులవీ వరుసగా, ఎవరి చేతికి ఏది ఎప్పుడు వచ్చిందో రాసుకుంటూ చదవండి. మొదటి పేజీకి ఒక పూట పడుతుంది. ఆ తరవాత చెయ్యి తిరుగుతుంది.

ఇప్పుడు నేను ఫ్రాంక్లిన్, ఆయన చెల్లెలు జేన్ మీకమ్ ఉత్తరాలు పట్టుకున్నాను. 1727లో ఆమెకు టీ బల్ల పంపాలనుకుని, మంచి ఇల్లాలికి అదే ఉపయోగమని రాట్నం పంపిన అన్న ఆయన. ఆమె రాతలో తప్పులకు సిగ్గుపడితే, తప్పు వర్ణక్రమమే ఉచ్చారణకు దగ్గర, కాబట్టి అదే మేలైనదని 1786లో ఊరడించినవాడూ ఆయనే. 1775లో బోస్టన్ ముట్టడిలో చిక్కుకుంటే ఆమె ఇల్లు వదిలి రోడ్ ఐలండ్‌కు వెళ్లిపోయింది. ఆ ఏడాది ఆమె ఉత్తరాలు ఏ ఊళ్లో, ఎవరింట్లో బట్వాడా అయ్యాయో తేల్చుకునే పనిలో ఉన్నాను.